నేల ఉసిరికి పెట్టిన పరీక్ష



మన చింతాద్రిపేటలో బిడ్డ కన్ను పచ్చబడినదనగానే పెద్దలు వెదకునది నేల ఉసిరి. తమిళులు కీళానెల్లి అందురు. దాని పసరు మజ్జిగలో కలిపి పరగడుపున త్రాగింతురు. ఆ మొక్కను శాస్త్రపరీక్షకు నిలిపినవారు మన నగరమువారే, మద్రాసు విశ్వవిద్యాలయమున సూక్ష్మజీవశాస్త్ర ఆచార్యులుగా నుండిన డాక్టర్ ఎస్.పి. త్యాగరాజన్ గారు.

కామెర్లన్నియు ఒకటి కావు. కలుషిత జలము వలన వచ్చు హెపటైటిస్ ‘ఎ’, ‘ఇ’ రకములు చాలమందికి వాటంతటవే తగ్గును. కీర్తి మాత్రము పసరుకు దక్కును! ‘బి’ రకమట్లు కాదు. రక్తము ద్వారా, ప్రసవవేళ తల్లి నుండి బిడ్డకు సోకి, ఏ లక్షణమును చూపక ఏండ్ల తరబడి కాలేయమున దాగియుండగలదు. ఆయన పరీక్షించినది అట్టివారినే. ఈ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమానమందిన బ్లూంబర్గ్ ఆయనకు సహకరించిరి. 1988లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితము వెలువడినది. నెల దినములు నేల ఉసిరి సేవించిన 37 మందిలో 22 మంది రక్తమున వైరస్ గుర్తు కనబడలేదు. మందు లేని గుళికలు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగినది.

వినుటకెంత గర్వము! కాని 1990లో ప్రకటితమైన థాయిలాండు పరీక్షలో ఆ ఫలము కానరాలేదు. దీనిని త్యాగరాజన్ గారి ఓటమి యనువారితో నేనేకీభవింపను. ఇతరులు తిరిగి పరీక్షింపగల రీతిలో లెక్క వ్రాసి ప్రకటించినందుననే సంగతి తేలినది. పసరు పోయు ఇంటివైద్యుడెవ్వడును నయము కానివారి లెక్క వ్రాయడు కదా.

తల్లిదండ్రులారా, కామెర్లు కనబడినచో ముందు రక్తపరీక్ష చేయించుడు. ‘బి’ రకమునకు టీకా కలదు. పుట్టిన 24 గంటలలోపల తొలి మోతాదు వేయవలెను. ప్రభుత్వాసుపత్రులలో శిశువులకు ఉచితము. పెద్ద పిల్లలకు పడినదో లేదో ఈ రాత్రియే వారి టీకా కార్డు తీసి చూడుడు.