బీటిల్సు సంపుటముల తారతమ్యము



ఇంగ్లండు దేశమున లివర్‌పూల్ అను రేవుపట్టణపు యువకులు నలుగురు బీటిల్సు అను పేర మేళముగట్టి, 1963 మొదలు 1970 వఱకు వెలువరించిన పాటల సంపుటములు, ఒక అమెరికా ముద్రణమును గూడ చేర్చుకొన్నచో, 13. నలువది యేండ్లుగా వీనిని వినుచున్నాను. నేడు తక్కువదానినుండి యెక్కువదానివఱకు వరుస యేర్పఱుప సాహసించుచున్నాను. పాటకు వలసినంతయే చేసిరా, మించి చేసిరా యనునదియే నా కొలబద్ద.

అన్నిటికడుగున ‘ఎల్లో సబ్‌మెరీన్’ (1969). ఒక ప్రక్కయంతయు జార్జి మార్టిను సమకూర్చిన వాద్యసంగీతము. వీరి క్రొత్తపాటలు నాలుగే. దానిపైన ‘బీటిల్స్ ఫర్ సేల్’ (1964). ఊరూర కచేరీలు చేసి డస్సిన గొంతులు దాచినను దాగవు.

దానిపైదానిని జెప్పుటకు నాకు కష్టముగా నున్నది. ‘లెట్ ఇట్ బీ’ (1970) మా తమ్మునికి ప్రాణము. 1969 జనవరిలో సినిమా కెమెరాల నడుమ దీని సాధన జరుగుచుండగా హారిసన్ మేళమును విడిచి కొన్ని దినములు వెడలిపోయెను. పిమ్మట ఫిల్ స్పెక్టర్ అను నతడు ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ పాటమీద తంత్రీవాద్యములను, స్త్రీల బృందగానమును గుమ్మరించెను. పాటగట్టిన మెకార్ట్నీకే యది గిట్టలేదు. “కంట నీరు తెప్పించు పాటకు కొలబద్ద యేల అన్నయ్యా?” యని తమ్ముడు వాదించెడివాడు. వాడు కాలముచేసిన పిదప ఆ రికార్డు నా యింటికి వచ్చినది. వానికొఱకైన నొక మెట్టు పైకి జరుపుదమని పలుమాఱులు వింటిని. జరుపలేకపోతిని.

‘విత్ ది బీటిల్స్’, ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’, ‘హెల్ప్’ నడిమిరకములు. వానిపైన మొట్టమొదటి సంపుటము ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ (1963). అందలి 14 పాటలలో 10 ఫిబ్రవరి 11వ తేదీన, ఒక్క దినముననే రికార్డు చేయబడినవి. నాడు లెనన్‌కు జలుబు. కడపటి పాటలో గొంతు జీరపోవుట స్పష్టముగా వినబడును. దానిని దిద్దకుండుటయే మేలయినది.

తరువాతిది 1968 నాటి తెల్లయట్ట జంటసంపుటము. ఋషీకేశమున మహర్షి మహేశయోగి యాశ్రమములో నుండగా గట్టిన పాటలు పెక్కు లిందు గలవు. కాని 30 పాటలు మితిమీఱినవి. దానిపైన ‘ఎ హార్డ్ డేస్ నైట్’ (1964). ‘సార్జెంట్ పెప్పర్’ (1967)ను లోకము శిఖరమున నిలిపినది. నేనును చిరకాల మట్లే యుంచితిని. ఇప్పుడు నాకది నాల్గవది. నగలెక్కువ. ‘రబ్బర్ సోల్’ (1965) మూడవది, ‘ఆబీ రోడ్’ (1969) రెండవది.

మొదటిది ‘రివాల్వర్’ (1966). ‘ఎలినార్ రిగ్బీ’ పాటలో గిటారు లేదు, డ్రమ్ము లేదు. గొంతులకు తోడు ఎనిమిది తంత్రీవాద్యములే. ఒంటరి ముసలిదాని కథకు అంతకుమించి యేమి వలయును? కడపటి ‘టుమారో నెవర్ నోస్’లో తంబుర మ్రోగును, పాటయంతయు నొక్క యాధారశ్రుతి మీదనే నడచును. లెనన్ గొంతును ఆర్గను వాద్యమునకు వాడెడి, గిరగిర తిరుగు స్పీకరు గుండ పంపిరి. టేపుముక్కల కొనలతికి చుట్టలుగా ద్రిప్పి పక్షికూతలవంటి ధ్వనులు పుట్టించిరి. ఇన్ని వింతలున్నను ఒక్కటియు తీసివేయదగినది కాదు. మా తమ్ముడు దీనిని గోలయనెడివాడు. వినగోరువారు ముందుగా తంబుర శ్రుతిని బట్టుకొని, పిమ్మట డ్రమ్ము నడక వినుడు. గొంతు తరువాత వచ్చి చేరును.