స్పాన్సరు అన్నయ్య
(చోడవరం పెన్షనర్ల సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



నేనెవరో ఈ హాలులో అందరికీ తెలుసు. అచ్చులో మాత్రం నా పేరు వేయవద్దని సంపాదకులను కోరాను. ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి పద్ధతి అది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో ఎత్తివేశారు. ఆ రెండేళ్ళూ దుకాణాలు మూతపడ్డాయి గాని, గుమాస్తానైన నా నోరు మూతపడలేదు. దొంగసరుకు తాగాను. నా భార్య పుస్తెలతాడు తాకట్టుకు వెళ్ళింది.

1998లో విశాఖపట్నం మీటింగుకు వెళ్ళాను. అక్కడ ఒక లారీ డ్రైవరు నాకు స్పాన్సరయ్యారు. స్పాన్సరంటే గురువూ కాదు, పై అధికారీ కాదు, వైద్యుడూ కాదు. ఏళ్ళ తరబడి తాగినవారు మానేముందు వైద్యునికి చూపించుకోవలసిందే. స్పాన్సరు మనకంటే ముందు మానినవాడు, తానెలా మానాడో చెప్పి, పన్నెండు మెట్లూ దగ్గరుండి ఎక్కించేవాడు. ఆయన చదివింది నాలుగో తరగతి. నేను "అన్నయ్యా" అనేవాణ్ణి. "బాబూ, ఈ ఒక్కరోజు మానేద్దాం, రేపటి సంగతి రేపు" అనేవారు. మనసు నిలవని రాత్రుల్లో ఎస్టీడీ బూతు నుంచి ఆయనకు ఫోను చేసేవాణ్ణి.

2009లో నేనే ఒక కుర్రాడికి స్పాన్సరునయ్యాను. ఎనిమిది నెలలు మానాడు. ఒక జీతాల రోజున మళ్ళీ తాగాడు. నా చేతకానితనమేనని కుమిలిపోతూ అన్నయ్య దగ్గరకు పరుగెత్తాను.

"ఇవాళ నువ్వు తాగావా?" అన్నారు.

"లేదన్నయ్యా."

"అయితే ఆ కుర్రాడి వల్ల నీకు మేలే జరిగింది. రేపు మళ్ళీ వెళ్ళు."

ఈ సంస్థ పుట్టుకే అటువంటిది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్‌కు తాగాలనిపించింది. తాను నిలబడడానికి మరొక తాగుబోతు కోసం వెతికి, డాక్టర్ బాబ్‌ను కలిశాడు. ఆ ఇద్దరితోనే మొదలైంది.

మర్నాడు కుర్రాడి ఇంటికి వెళ్ళాను. తలుపు తీయలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు తీశాడు. 2015లో అన్నయ్య పాడె మోసినవారిలో అతనూ ఉన్నాడు.

పెన్షను రోజు వస్తుందంటే భయపడే ఇల్లు మనలో ఏదైనా ఉంటే, పరువుకోసం దాచుకోకండి. అర్ధరాత్రయినా నా తలుపు తట్టండి. నాకూ ఆ తోడు ఈనాటికీ అవసరమే.