సమాధానపు పుట తెరువకముందు



ప్రవేశపరీక్షల లెక్కల పుస్తకమును దేనినైనను చేతిలోనికి తీసికొని చూడుడు. మొదటి పుటలు క్రొత్తవానివలెనే యుండును. కడపట నున్న సమాధానముల పుటలు మాత్రము నలిగి, అంచులు చినిగి, దారము వీడి కనబడును. పిల్లలు ఎచ్చట ఎక్కువకాలము గడపుచున్నారో పుస్తకమే సాక్ష్యము చెప్పుచున్నది. నేటి ప్రసంగమునకు విషయము ఆ కడపటి పుటలే.

1951లో ఖరగ్‌పూరునందు మొదటి ఐ.ఐ.టి. వెలసెను. తెలుగునాట హైదరాబాదు సంస్థ 2008లోను, తిరుపతి సంస్థ 2015లోను ప్రారంభమైనవి. వీనిలో ప్రవేశము కోరు ఇంటర్మీడియెట్ విద్యార్థులకు 2013 నుండి మెయిన్, అడ్వాన్స్‌డ్ అను రెండు అంచెల పరీక్ష కలదు. అడ్వాన్స్‌డ్ పరీక్షలో ఒకే దినమున మూడేసి గంటల పత్రములు రెండు వ్రాయవలెను. తప్పు జవాబునకు మార్కులు కోసివేయు ప్రశ్నలును అందుండును. సూత్రములన్నియు కంఠస్థములైనను ఆ ప్రశ్నలు లొంగవు. ఏ సూత్రము ఎచ్చట పనికివచ్చునో కనుగొను నేర్పు కావలెను. ఆ నేర్పు కొరకే సాధన లెక్కలు ఏర్పడినవి.

ఒక చిన్న లెక్కను చూతము. 1 మొదలు 100 వరకు గల సంఖ్యలనన్నిటిని వరుసగా గుణించినచో వచ్చు లబ్ధము చివర ఎన్ని సున్నలుండును?

విద్యార్థి మొదట 10, 20, 30 అని లెక్కించును. 90 వరకు తొమ్మిది సున్నలు, 100లో రెండు, వెరసి 11 అనును. ఇది తప్పు. కొంతసేపు ఆలోచించిన పిమ్మట, 5ను 2చే గుణించినను సున్న వచ్చునుగదా యని తోచును. సరిసంఖ్యలు ఏబది యున్నవి గనుక రెండ్లకు కొదువ లేదు. అయిదులను లెక్కించిన చాలును. 100 లోపల అయిదు గుణిజములు 20. కావున 20 అనును. ఇదియు తప్పే. మరల చూచినచో 25, 50, 75, 100 అను నాలుగింటిలో రెండేసి అయిదులు దాగియున్నట్లు తెలియును. 20కి 4 చేర్చగా 24. ఇదియే సరియైన జవాబు.

సమాధానపు పుటను ముందే చూచిన పిల్లవానికి 24 అను అంకె మాత్రమే దక్కును. రెండుమార్లు తప్పి లేచినవానికి మార్గము దక్కును. పరీక్షలో 100కు మారుగా 1000 ఇచ్చినచో మొదటివాడు తెల్లబోవును. రెండవవాడు 200, 40, 8, 1 అని కూడి 249 అని చెప్పగలడు.

ఈ సంగతి పూర్వులకు క్రొత్త గాదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతమున రచించిన లీలావతిలో సూత్రము చెప్పిన వెంటనే ఉదాహరణపు లెక్కను ఇచ్చెను. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్క చేయక గణితము రాదని ఆ గ్రంథములే చాటుచున్నవి.

ఇక శ్రీనివాస రామానుజన్ చరిత్రము గ్రంథాలయమునకు మరింత దగ్గరిది. 1903లో కుంభకోణమునందు, కళాశాల గ్రంథాలయమునకు చెందిన కార్ అను ఆంగ్లేయుని పుస్తకము ఆతని చేతికి వచ్చెను. కార్ కేంబ్రిడ్జి పరీక్షకు విద్యార్థులను తయారుచేసిన బోధకుడు. ఆ పుస్తకమున వేలకొలది ఫలితములుండెను. ఉపపత్తులు మాత్రము మిక్కిలి క్లుప్తములు. ఆ లోపమే రామానుజన్‌కు వరమయ్యెను. ప్రతి ఫలితమును తానే సాధించి చూచుకొనెను. అయితే ఇతర విషయములను ఉపేక్షించుటచే కళాశాల పరీక్షలో తప్పి విద్యార్థివేతనమును పోగొట్టుకొనెను. పరీక్షకు కూర్చుండువారు ఈ రెండవ పాఠమును గూడ మరువరాదు.

కావున విద్యార్థులు పాటింపదగిన పద్ధతి యిది. లెక్కను తీసికొని అరగంటసేపు సమాధానము వంక చూడరాదు. చిత్తు కాగితమును పారవేయక, ఎచ్చట ఆగిపోయితిమో అచ్చట గీత గీయవలెను. ఎంతకును తెగనిచో సమాధానములో మొదటి పంక్తిని మాత్రము చదివి, పుస్తకము మూసి, మరల ప్రయత్నింపవలెను. ఇతరుల సాయముతో తెగిన లెక్కను వారము దినముల పిమ్మట ఒంటరిగా చేయవలెను. అప్పుడు గాని అది తనది కాదు.

తల్లిదండ్రులకును ఒక మనవి. పొలము కుదువబెట్టి దూరపు పట్టణములలో శిక్షణ చెప్పించువారు కలరు. మంచి గురువు మార్గము చూపగలడు. నడక మాత్రము బిడ్డదే. పిల్లవాడు ఒకే లెక్క ముందు గంటసేపు మౌనముగా కూర్చున్నచో కాలము వృథా యగుచున్నదని గద్దింపకుడు. చదువు జరుగుచున్నది అప్పుడే. పరీక్షకు కూర్చుండువారు లక్షలు, దొరకు స్థానములు వేలు. స్థానము రాని బిడ్డ పనికిమాలినవాడు గాడు. ఆ మాట ఇంటిలో ముందుగనే చెప్పియుంచుట మేలు.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము అట్టి పిల్లలకు ఒక నల్లబల్లను, రాత్రి తొమ్మిదివరకు దీపమును, నిశ్శబ్దమును సమకూర్చినచో రజతోత్సవము సార్థకమగును. వారమున కొక లెక్కను ఆ బల్లపై వ్రాయవచ్చును. జవాబు మాత్రము వారము నిండినగాని వ్రాయరాదు.