నీడకు అగ్లోనిమా

ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో ఎండ తగలని బాల్కనీ ఉన్నవాళ్లు గులాబీ పూయదని దిగులు పడొద్దు, అగ్లోనిమా పెంచండి. ఆగ్నేయాసియా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే మొక్క ఇది, మన చేమ కుటుంబానిదే. ఆకుపచ్చ రకాలు మసక వెలుతురులోనూ బతుకుతాయి. ఎర్ర రకాలకు కాస్త వెలుగు కావాలి గానీ, మండుటెండ తగిలితే ఆకు మాడుతుంది.

ఈ మొక్కకు అసలు ప్రమాదం మన అతి ప్రేమే, రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. కుండీ అడుగున రంధ్రం ఉండాలి. మట్టిలో కొబ్బరిపొట్టు, ఇసుక కలపండి. పైమట్టి ఆరాకే తడపండి. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లతో ఆకు కొసలు ఎండుతాయి, వాన నీళ్లు మేలు. చలికాలం రాత్రి 15 డిగ్రీల లోపుకు దిగితే కుండీని ఇంట్లో పెట్టండి. ఆకు కొరికితే నోరు మండుతుంది, పసిపిల్లలకు అందనివ్వకండి.