నాలుగు రోజులు నీళ్లలో నానిన మట్టి



ఈరోజు మీరు ఇంజినీరింగ్ పట్టాలు అందుకునే ఈ సభకు నన్ను పిలవడానికి వచ్చినప్పుడు మీ సార్లు ఒక కాగితం అడిగారు. నేను పూర్తిచేసిన పనుల జాబితా. ఇందాక దాన్ని చదివారు కూడా. ఇన్ని కిలోమీటర్ల తారు రోడ్లు, ఇన్ని సిమెంటు రోడ్లు, ఇన్ని కల్వర్టులు, రెండు చప్టాలు, ఒక వంతెన. మీరు చప్పట్లు కొట్టారు. టెండరుతో పాటు పెట్టే అనుభవ పత్రమూ ఇలాగే ఉంటుంది: పని పేరు, విలువ, పూర్తయిన తేదీ. ఆ జాబితాలో ఒక రోడ్డు రెండుసార్లు పూర్తయింది. నేను మాత్రం ఒకసారే రాసుకున్నాను. మీకు ఆ రోడ్డు సంగతి చెప్పిపోదామని వచ్చాను.

ముందు ఈ నేల గురించి రెండు మాటలు. ఈ చాపాడు చుట్టూ ఉన్నదంతా కుందూ ఒడ్డు నల్లరేగడి. ఏప్రిల్, మే నెలల్లో నెర్రెలు విచ్చుకుని, చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. అదే మట్టి రెండు వానలు పడితే చెప్పు వదలదు. దీంట్లో ఉండే, నీళ్లు తాగి ఉబ్బే మాంట్‌మోరిల్లనైట్ గురించి మీరు పుస్తకంలో చదువుకున్నారు, నాకంటే బాగా చెప్పగలరు. మా నాయన బేల్దారి. ఆయనకు ఆ పేరు తెలియదు, ‘ఇది ఊపిరి తీసుకునే మట్టి రా’ అనేవాడు.

ఈ మట్టిని సరిగ్గా అంచనా వెయ్యలేక దెబ్బతిన్నవాళ్లలో నేను మొదటివాణ్ణి కాదు. మన పొలాల పక్కన పారే కేసీ కాలువనే, అంటే కర్నూలు-కడప కాలువనే చూడండి. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని ఇంగ్లండులో పెట్టుబడి పోగుచేసుకున్న ఒక ప్రైవేటు కంపెనీ, 1860 దశకంలో తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర పని మొదలుపెట్టింది. కడప దాకా మూడు వందల కిలోమీటర్లు దాటిన కాలువ. పొలాలకు నీళ్లు పారతాయి, పైన పడవలూ తిరుగుతాయి, డబ్బు వరదలా వస్తుంది అని లెక్క. తవ్వకంలో వాళ్లకు వంక పెట్టలేం. ఆ రోజుల్లో పారతో, గంపతో అంత దూరం తవ్వడం మాటలు కాదు. కానీ రేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతులు ఆ నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. రేగడి తేమను తనలో దాచుకుంటుంది, ఆ పంటలకు అది చాలు. డబ్బు కట్టి మరీ నీళ్లు పెట్టుకునేదెవరు? కంపెనీ నష్టాల్లో మునిగి, చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. మరి కాలం మారింది, వరి వచ్చింది, జపాన్ అప్పుతో కాలువను బాగుచేసుకున్నాం. ఇప్పుడు నీళ్లు ఒక వారం ఆలస్యమైతే రైతులు రోడ్డెక్కుతారు. చూడటానికి ఇది కంపెనీవాళ్ల తప్పు కథలా ఉంది గానీ, నా రోడ్డు కథ కూడా ఇదే. ఆ కాలువ నీళ్లే నన్ను పట్టించాయి.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఊరి పేరు చెప్పను. మెయిన్ రోడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లు లోపలికి, మూడు ముప్పావు మీటర్ల వెడల్పు తారు రోడ్డు. టెండరు తక్కువకు వేశాను. ఏప్రిల్‌లో మొదలుపెట్టి మే నెలాఖరుకు ముగించాలని పంతం. రెండు వైపులా ఎండిన పొలాలు, రాయిలాంటి నేల. దాని మీద గ్రావెల్, దాని మీద కంకర, రోలరు, ఆపైన తారు. పనిలో కక్కుర్తి పడలేదు. కంకర ఎర్రగుంట్ల వైపు నుంచి మంచి క్వారీదే తెచ్చాను. తారు కలిసేటప్పుడు నూట యాభై డిగ్రీలు దాటి ఉంటుంది, తొంభైకి దిగకముందే రోలరు తన పని ముగించాలి. ఆ విషయంలో లారీ డ్రైవర్లను పరుగులు పెట్టించాను. మందం కొలిచారు, కొలతల పుస్తకం ఎం.బుక్‌లో రాశారు, బిల్లు పాసైంది. ప్రారంభోత్సవంలో నాకు శాలువా కూడా కప్పారు.

ఒక్కటి చెయ్యలేదు. అడుగు మట్టి బలం చూసే పరీక్ష ఉంది కదా, సీబీఆర్. మట్టిని అచ్చులో దట్టించి నాలుగు రోజులు, తొంభై ఆరు గంటలు, నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాతే దాన్ని గుచ్చి చూడాలి. మా కుర్రవాడు మట్టి పట్టుకుపోయిన సాయంత్రానికే రిపోర్టుతో తిరిగొచ్చాడు. నాలుగు రోజులు ఒక్క పూటలో ఎట్లా అయ్యాయని నేను అడగలేదు. అడిగితే నాలుగు రోజులు పని ఆగుతుంది. పైగా నా కాలి కింద నేల రాయిలా ఉంది, ఇంకా నానబెట్టి చూసేదేముంది అనుకున్నాను. ఆ తప్పు నాది, ఇంకెవరిదీ కాదు.

ఆగస్టులో కాలువకు నీళ్లొదిలారు. రోడ్డుకు రెండు వైపులా వరినాట్లు పడ్డాయి. నా రోడ్డు పొలం మట్టానికి జానెడు ఎత్తు కూడా లేదు, పక్క కాలువలు తీయలేదు. రెండు వైపుల నీళ్లూ మెల్లగా కిందికి చేరాయి. దసరాకు చక్రాలు పోయే చోట రెండు గాళ్లు పడ్డాయి. సంక్రాంతికి అంచులు విరిగాయి. ఫిబ్రవరిలో ఆర్టీసీ బస్సు ఊర్లోకి రావడం మానేసింది. డ్రైవరు తప్పేమీ లేదు, కమాన్లు విరిగితే ఆయనే జవాబు చెప్పుకోవాలి. హైస్కూలు పిల్లలు పొద్దునా సాయంత్రం రెండున్నర కిలోమీటర్లు నడిచారు. నేను ఆ పక్కగా జీపులో పోతూ వాళ్లను దాటుకుని పోయాను. ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. నేనెవరో వాళ్లకు తెలియదు కదా!

అప్పటికే అమల్లో ఉన్న నియమం ఒకటుంది, రోడ్డు వేసినవాడే ఐదేళ్లు దాన్ని చూసుకోవాలని. 2000 డిసెంబరులో గ్రామ సడక్ యోజన మొదలయ్యాక పల్లె రోడ్ల కాంట్రాక్టుల్లోకి వచ్చిన మంచి షరతు ఇది. కాంట్రాక్టర్లు దాన్ని తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను. ఆ మే నెలలో రోడ్డు మొత్తం లేపాను. రేగడిలో సున్నం కలిపాం, నూటికి నాలుగైదు పాళ్లు. సున్నం పడితే ఈ మట్టి పొంగు చాలా తగ్గుతుంది. నార్జి రాయి, కడప రాయి, ఎర్రగుంట్ల సిమెంటు అని పేరు మోసిన సున్నపురాయి జిల్లాలో కూర్చుని మొదటిసారి సున్నం గుర్తుకు రాకపోవడం చూడండి! కట్ట ఎత్తు పెంచాం, పక్క కాలువలు తీశాం, పొలం నీళ్లు అడ్డం దాటడానికి మూడు చోట్ల తూములు పెట్టాం. ఆ ఏడాది లాభం, అంతకుముందు ఏడాది లాభం రెండూ దాంట్లో కలిసిపోయాయి. మా ఇంటావిడ గాజులు కూడా. అవి తిరిగొచ్చాయిలెండి.

స్కాట్లండులో పుట్టిన మకాడం అనే ఆయన రెండు వందల ఏళ్ల కిందటే ఈ సంగతి తేల్చేశాడు. కంకర పొరను మనం డబ్ల్యూబీఎం అని అంటున్నామే, అందులో చివరి అక్షరం ఆయన పేరే. బండి బరువును మోసేది అడుగున ఉన్న నేలే, దాన్ని పొడిగా ఉంచగలిగితే అది ఎంత బరువైనా మోస్తుంది, పైన వేసే రాయి ఆ నేలకు కప్పు మాత్రమే అన్నది ఆయన వాదన. నేను ఇంటికి రేకులు సరిగ్గా వేసి, గోడల్లోకి నీళ్లు రానిచ్చినవాణ్ణి.

పాత సంగతే అయినా మన జిల్లాదే ఇంకొకటి చెప్పాలి. ఇక్కడి నుంచి మైదుకూరు, బద్వేలు దాటి పోతే పోరుమామిళ్ల. అక్కడి పెద్ద చెరువును విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భాస్కర భవదూరుడంటారు, తవ్వించాడు. భైరవ గుడి దగ్గర 1369 నాటి శాసనం ఉంది. నేను మొదట చదివినప్పుడు నాకు శాసనంలా అనిపించలేదు, టెండరు షెడ్యూలులా అనిపించింది. రెండేళ్ల పని, రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలట. మొదటిది ధర్మం, ధనం ఉండి కీర్తి కోరుకునే రాజు, అంటే నిధులు మంజూరు చేసేవాడు. ఆయన దగ్గర కీర్తి కాంక్ష తప్ప ఇంకేమీ లేకపోతే బిల్లులు ఆలస్యమవుతాయి. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. మూడోది గట్టి మట్టి నేల. పొడవాటి రాళ్లు దొరికే గని దగ్గరలో ఉండాలనీ ఉంది; సామాను తోలే దూరాన్ని మేము ‘లీడ్’ అంటామే, దాని లెక్క ఆరున్నర శతాబ్దాల కిందట కూడా ఉందన్నమాట. పన్నెండోది, పని తెలిసిన మనుషుల జట్టు.

తర్వాత ఆరు దోషాలు చెప్పారు. కట్ట చెమ్మగిల్లడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో కట్టడం; ఇది వినగానే మీరు నవ్వారు, దినపత్రిక చదివే ప్రతివాడూ నవ్వుతాడు. చెరువు మధ్యలో తాబేలు వీపులా మిట్ట. నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. నీళ్లు ఎక్కువ, చోటు తక్కువ. నా రోడ్డును ఈ ఆరింటి ముందు నిలబెడితే మొదటి దోషం దగ్గరే దొరికిపోతుంది. చెరువు మాత్రం ఇంకా ఉంది.

నీళ్ల తర్వాత బరువు. మీరు చదివే పుస్తకాల్లో నాలుగో ఘాతం సూత్రం ఉంటుంది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం ఒటావా దగ్గర రోడ్లు వేసి, వాటి మీద లారీలు పదే పదే నడిపి తేల్చిన లెక్క. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, దాదాపు పదహారింతలు. జమ్మలమడుగు వైపు నుంచి బండల లారీలు, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీలు ఎట్లా పోతుంటాయో ఈ కళాశాల గేటు ముందు జాతీయ రహదారి 67 మీద మీరు రోజూ చూశారు. మీలో ఎవరైనా డిజైన్ చేసే కుర్చీలో కూర్చుంటే, అనుమతించిన బరువుకు కాదు, నిజంగా పోయే బరువుకు లెక్క వెయ్యండి. రోడ్డు పక్కన ఒక పగలు, ఒక రాత్రి నిలబడి లెక్కపెట్టకుండా ఆ సంఖ్య తెలియదు. రాత్రి తప్పనిసరి, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 19న తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. నిద్రలో ఉన్న పల్లెలను నీళ్లు ఎత్తుకుపోయాయి. అదే వరదల్లో మన కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. నేను ఆ వంతెన మీద ఎన్నిసార్లు పోయుంటానో. దాని గురించి తీర్పు చెప్పడానికి నేను రాలేదు. ఆ వారం మా సైట్లన్నీ ఆపి, నేను కట్టిన ప్రతి కల్వర్టు దగ్గరికి పోయి నిలబడ్డాను. రెండు చోట్ల అప్రోచ్ కోసుకుపోయింది. తూము చిన్నదైంది. ఎస్టిమేటులో ఉన్నంతే పెట్టాను, కానీ వంకకు ఎస్టిమేటు తెలియదు.

శాసనంలోని పన్నెండో అంగం, పని తెలిసిన మనుషుల దగ్గరికి మళ్లీ వస్తాను, అక్కడే మీ పని ఎక్కువ. నాగార్జునసాగర్ అంత పెద్ద రాతి ఆనకట్ట 1955 నుంచి ఏళ్ల తరబడి చేతులతోనే లేచింది, పాలమూరు కూలీలు, ఒడ్డెవాళ్లు లేకపోతే అది లేదు. ఇప్పుడు మన సైట్లలో ఒడిశా, బిహారు పిల్లలు. వాళ్లు ఎండలో తాగే నీళ్లెక్కడివో, రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో సైట్ ఇంజినీరుకు తెలియాలి. కాంక్రీటుకు చెప్పినన్ని రోజులు నీళ్లు పట్టించారా లేదా అని అడిగే నోటితోనే అది కూడా అడగాలి. ఈ తరగతిలో అమ్మాయిలు చాలామంది కనిపిస్తున్నారు. సైట్‌లో మరుగుదొడ్డి లేదని మీరు ఇంజినీరింగ్ వదిలి కంప్యూటర్ ముందుకు పోతే నేను తప్పు పట్టను, సిగ్గుపడాల్సింది మేము. మా సైట్లలో ఇప్పుడు కట్టిస్తున్నాం, ఆలస్యంగానైనా.

మీరు సంతకం పెట్టే రోజు వస్తుంది. ఎం.బుక్‌లో రాసింది మీ పేరు మీద ఉంటుంది. పక్కన నిలబడి కాంట్రాక్టరు, ‘సార్, నేల గట్టిగా ఉంది, నాలుగు రోజులు ఎందుకు’ అంటాడు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి చెబుతున్నాను, అతను దొంగ అయి ఉండక్కర్లేదు. తొందరలో ఉన్న మంచివాడే కావచ్చు. మట్టిని నానబెట్టండి. నాలుగు రోజులు అతన్ని తిట్టుకోనివ్వండి.

ఆ రోడ్డు సంగతి అడుగుతారని తెలుసు. రెండోసారి వేశాక ఇప్పటికి రెండు మార్లు పైపొర మార్చారు, అడుగు కదలలేదు. బస్సు తిరుగుతోంది. బోర్డు మీద నా పేరు చెరిగిపోయింది, మళ్లీ రాయించలేదు.

చివరగా ఒక పని మాట. నాకు ఇప్పుడు రెండు సైట్లున్నాయి, ఇద్దరు ఇంజినీర్లు కావాలి. అమ్మాయిలైనా అబ్బాయిలైనా సరే. జీతం హైదరాబాద్‌లో ఇచ్చినంత ఇవ్వలేను. రావాలనుకునేవాళ్లు మే నెలలో రావద్దు, అప్పుడు ఈ నేల అందరికీ గట్టిగానే కనిపిస్తుంది. ఆగస్టులో, కాలువకు నీళ్లొదిలాక రండి. బూట్లు తెచ్చుకోండి.