నీటి మీద ఒంటరి పహరా

(కటవారియా సరాయ్‌లో జరిగిన సంఘ సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, క్యాంటీను కార్డు, పిల్లల పెళ్ళిళ్ళు – మనం నలుగురం కలిస్తే మాట్లాడుకునేవి ఇవే. ఈసారి వేరే ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంటర్ చదివి సైన్యంలో చేరినవాణ్ణి. పెద్ద ఉపన్యాసాలు రావు. నాకు తెలిసిన ఒక సరదా గురించి, అందులో ఉన్న బాధ్యత గురించి చెప్తాను. అది చంబల్ నదిలో చిన్న కయాక్ వేసుకుని ఒంటరిగా పోవడం.

కయాక్ అంటే ఒక్క మనిషి నీటిమట్టానికి దగ్గరగా కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ. "కటవారియా సరాయ్‌లో పడవ ఎక్కడ పెడతారండీ?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన సందుల్లో స్కూటరు పెట్టుకోవడానికే చోటుండదు. మూడో అంతస్తు గది, లిఫ్టు లేదు, మెట్ల మీద ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒరగాలి. అందుకే నాది గాలి నింపుకునే కయాక్. గాలి తీసి చుడితే పెద్ద సంచిలో పడుతుంది. బరువు పదిహేను కిలోల లోపే. సర్వీసులో పిట్టూ మోసిన వీపుకి అదొక లెక్క కాదు. నిజాముద్దీన్ స్టేషన్లో రైలెక్కితే ధోల్‌పూర్ సుమారు 250 కిలోమీటర్లు. అక్కడ చంబల్ ఉంది.

ఇది తెల్లవాళ్ళ ఆట అనుకోకండి. మన కృష్ణ మీద, తుంగభద్ర మీద జాలరి వెదురు పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంట నడిచిపోవడం మనలో చాలామంది చూశాం. మోసుకుపోయే పడవ అంటే అదే కదా! కాకపోతే మడత పడదు. మడత కయాక్‌ను జర్మనీలో 1907 నుంచి క్లెప్పర్ అనే ఆయన తయారుచేసి అమ్మాడు. అదే దేశపు ఆస్కార్ స్పెక్ 1932లో అలాంటి పడవ ఒకటి వేసుకుని డాన్యూబ్ నదిలో బయలుదేరాడు. మన దేశ తీరం వెంబడి కూడా తెడ్డు వేసుకుంటూ 1939లో ఆస్ట్రేలియా చేరాడు. అప్పటికి యుద్ధం మొదలైంది. పాపం, శత్రుదేశస్థుడని నిర్బంధంలో పెట్టారు.

ఫౌజీలకి ఈ పడవ కొత్త కాదు. 1942 డిసెంబరులో బ్రిటిష్ మెరైన్లు పదిమంది, ఇద్దరికొకటి చొప్పున ఐదు మడత పడవల్లో, రాత్రిళ్ళు మాత్రమే ప్రయాణిస్తూ ఫ్రాన్సులోని బోర్డో రేవు మీద దాడికి బయలుదేరారు. శత్రు నౌకలకు మందుపాతరలు అంటించారు. ప్రాణాలతో తిరిగొచ్చింది ఇద్దరే. చప్పుడు లేకపోవడం, నీటి మీద ఎత్తుగా కనబడకపోవడం – ఆ పడవ బలం ఈ రెండే. నేను చెప్పబోయే విషయానికి ఈ రెండూ ముఖ్యం. గుర్తుపెట్టుకోండి.

ఇక చంబల్ సంగతి. ఇది మన ఫౌజీ ఊరు మౌ దగ్గర జానాపావ్ కొండల్లో పుట్టి, సుమారు 960 కిలోమీటర్లు పారి, ఇటావా జిల్లాలో యమునలో కలుస్తుంది. దొంగల పేరు చెప్పి జనం చాలాకాలం దూరంగా ఉండటం వల్లనో ఏమో, నీళ్ళు ఇంకా తేటగా ఉన్నాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ మూడింటిలోనూ విస్తరించిన జాతీయ అభయారణ్యం ఇది. ప్రపంచంలో మిగిలిన ఘరియల్ మొసళ్ళలో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి. 2009లో జాతీయ జలచరంగా ప్రకటించిన గంగా డాల్ఫిన్ కూడా ఉంది. కింది ముక్కు పొడుగ్గా ఉండి, నీటిని దున్నినట్టు ఎగిరే స్కిమ్మర్ పక్షులు ఇసుక తిన్నెల మీదే గుడ్లు పెడతాయి.

ఘరియల్‌ని చూసి భయపడనక్కర్లేదు. సన్నటి పొడుగు మూతి, వందకి పైగా పళ్ళు, అన్నీ చేపలు పట్టడానికే. మగదానికి ముక్కు కొసన కుండలాంటి బుడిపె ఉంటుంది. హిందీలో ఘడా అంటే కుండ, ఆ పేరు అలా వచ్చిందే. భయపడాల్సింది మగ్గర్ మొసలికి. అదీ ఇదే నదిలో ఉంటుంది. అందుకే కాళ్ళు నీళ్ళలోకి వేలాడదీయకూడదు. ఇసుక మీద పొట్ట ఈడ్చిన జాడ కనిపిస్తే అక్కడ దిగకూడదు.

నేను జనవరిలో వెళ్ళాను, అటవీశాఖ లిఖిత అనుమతితో, వాళ్ళు చెప్పిన మేర, చెప్పిన గంటల్లోనే. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సంచిలో పట్టే పడవ ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ దించకూడదు. పైగా మార్చి నుంచి జూన్ దాకా తిన్నెల మీద గుడ్లుంటాయి. ఆ నెలల్లో అనుమతి దొరికినా పోకపోవడమే మర్యాద.

పొద్దున్నే చలి కొరుకుతోంది. పొగమంచు లేచాక ఘరియల్స్ ఒక్కొక్కటే ఇసుక మీదకొచ్చి పడుకున్నాయి. పిల్లల్లారా, ఇక్కడ ఒక్క మాట శ్రద్ధగా వినండి. మొసలికి మనలాగ ఒంట్లో వేడి పుట్టదు. ఎండలో పడుకునే ఒంటికి వేడి పట్టించుకోవాలి. మోటారు పడవ దూరాన్నుంచే వినిపిస్తుంది. కయాక్ అలా కాదు, చప్పుడు లేకుండా మీద పడ్డట్టే వస్తుంది. హఠాత్తుగా చూసి అది బెదిరి చల్లటి నీళ్ళలోకి జారిందంటే అప్పటిదాకా కాచుకున్న ఎండంతా వృథా. మనకొచ్చేది ఒక ఫోటో, దానికి పోయేది ఒక పూట ఎండ. స్కిమ్మర్ లేచిపోతే గుడ్లు మండుటెండకీ, కాకులకీ బలి. బోర్డో దాడిలో పనికొచ్చిన ఆ నిశ్శబ్దమే ఇక్కడ ప్రమాదం. కనుక తిన్నె కనబడగానే అవతలి ఒడ్డుకి జరిగాను. తెడ్డు ఎత్తి పట్టి, ప్రవాహం తీసుకుపోయినట్టు పోయాను. అవి తల తిప్పలేదు. ఆరోజు నాకొచ్చిన మెడల్ అదే అనుకున్నాను.

ఒంటరి అంటే ఎవరికీ తెలియకుండా పోవడం కాదు. ఎక్కడ దిగుతాను, ఎక్కడ ఎక్కుతాను, ఎన్నింటికి ఫోను చేస్తాను, చెయ్యకపోతే ఎవరికి కబురు పెట్టాలి – ఇవన్నీ కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చాను, అవుట్‌పాస్ రాసినట్టు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో కాదు. మెడలో ఈల ఉండాలి. కయాక్ తిరగబడితే నీళ్ళలోంచి మళ్ళీ ఎక్కడం ముందు లోతు తక్కువున్న నిలవ నీట్లో పదిసార్లు సాధన చెయ్యాలి. గాలి కయాక్ తేలిక కాబట్టి ఎదురుగాలి దాన్ని ఆకులా తోసేస్తుంది. గాలి లేచేలోగా గట్టెక్కాలి. 2019 సెప్టెంబరులో మన గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటక పడవ మునిగినప్పుడు ఎన్ని ఇళ్ళు చీకటైపోయాయో మనకు తెలుసు. నదికి పెద్ద పడవా చిన్న పడవా అన్న తేడా లేదు.

ఇక అసలు మాట. 2007-08 చలికాలంలో చంబల్‌లో వందకి పైగా ఘరియల్స్ చచ్చి తేలాయి. ఎక్కువగా కింది భాగంలో, యమున కలిసే వైపు. పరీక్షలో మూత్రపిండాలు పాడైనట్టు తేలింది. కారణం పూర్తిగా రుజువు కాలేదు గానీ, యమున మురికిలో పెరిగిన చేపల ద్వారా విషం చేరిందని నిపుణులు అనుమానించారు. ఆ యమునలోకి వెళ్ళేది ఎవరి నీళ్ళు? మన ఢిల్లీవి. ఈ కటవారియా సరాయ్ వంటిళ్ళవి, స్నానాల గదులవి కూడా. మనం చంబల్‌కి పోయినా పోకపోయినా మన నీళ్ళు రోజూ అటే పోతున్నాయి. వాడిన నూనె, మిగిలిన మందులు, రంగుల డబ్బాలు సింకులో పొయ్యకుండా ఉండటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాత్రి రెండు గంటలకి పోస్టు మీద ఒక్కడే ఉన్న సంత్రీని ఎవరూ చూడరు. అయినా వాడు కూర్చోడు, పడుకోడు. నది మీద ఒంటరి మనిషీ అంతే. దగ్గరికి పోయినా అడిగేవాడు లేడు, చెత్త పారేసినా పట్టుకునేవాడు లేడు. ఎవరూ చూడని చోట క్రమశిక్షణ పాటించడం మనకు సైన్యం నేర్పింది. యూనిఫాం విప్పినా ఆ డ్యూటీ విప్పేది కాదు.

ఈత, పడవ మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే, తల్లిదండ్రుల అనుమతితో నన్ను కలవండి. ముందు ఈత, తరవాత తెడ్డు, ఆ తరవాతే నది.

జై హింద్!