పందికి ఏ తూటా? పంట కాపలా తుపాకి గురించి నాలుగు మాటలు

(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మనం ఏ ఊరికి వెళ్ళినా ఎరువుల కంటే ముందు అడవి పందుల సంగతే వస్తోంది. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు మంద దిగుతుంది. వేరుశనగ కాయ కట్టగానే చాళ్ళకు చాళ్ళు తవ్వేస్తుంది. "పందుల్ని కాల్చుకోవచ్చట గదా, ఏ తుపాకి తెచ్చుకోవాలి, ఏ తూటా పెట్టాలి?" అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. అడిగినందుకు తప్పు పట్టకుండా సూటిగానే జవాబు చెప్పుకుందాం. తుపాకి ఎంపికలో పొరపాటు జరిగితే పంది చావదు, పక్క చేలో మనిషి చస్తాడు.

ముందుగా, దేన్ని కాల్చవచ్చు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం. సరదా వేటకు మన దేశంలో చోటే లేదు. ఆ చట్టం 11వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. పొలంలో నిలిచి ఉన్న పంటకు ప్రమాదంగా మారిన కొన్ని జంతువులను చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అడవి పంది ఈ కోవలోకి వస్తుంది. తెలంగాణలో ఇందుకోసం సర్పంచులకు గౌరవ వార్డెన్ల హోదా కూడా ఇచ్చారు. కృష్ణ జింక, నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పంట తిన్నాయని వాటిని కాల్చడానికి అనుమతి రాదు. నారాయణపేట వైపు జింకలతో రైతులు ఎంత నష్టపోతున్నారో మనకు తెలుసు. అయినా అక్కడ దారి పరిహారం కోసం, జింకల తరలింపు కోసం పోరాడటమే గానీ తుపాకి కాదు. కాబట్టి మన చేలల్లో తూటా గురించి మాట్లాడుకోవలసింది అడవి పంది విషయంలోనే.

ఇప్పుడు తుపాకి సంగతి. బోరు అంటే గొట్టం లోపలి కొలత. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం 12 బోరు. సుమారు 18.5 మిల్లీమీటర్లు. దాని లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో మెలికల గాళ్ళు ఉంటాయి. తూటా గిర్రున తిరుగుతూ దూరం పోతుంది. రైఫిల్ కొలత అంగుళాల్లో చెబుతారు. .22 అంటే ఐదున్నర మిల్లీమీటర్ల పైచిలుకు, .315 అంటే 8 మిల్లీమీటర్లు.

.22 తేలిక, చప్పుడు తక్కువ, అందుకే చాలామందికి దాని మీద మోజు. అది కుందేలు సైజు జంతువుకు సరిపోయే తూటా. పెద్ద మగ పంది వంద కిలోలు దాటుతుంది. దాని భుజం మీద చర్మం కవచంలా దళసరిగా ఉంటుంది. .22 తగిలితే పంది పడదు, గాయంతో చెరకులోకో, జొన్నలోకో దూరుతుంది. తెల్లవారి కలుపుకు వెళ్ళిన ఆడకూతుళ్ళ మీద పడేది ఆ పందే. పైగా ఆ చిన్న తూటా గురి తప్పితే కిలోమీటరున్నర దాకా పోగలదు.

.315, .30-06 రైఫిళ్ళకు పందిని ఒక్క దెబ్బకు పడగొట్టే సత్తా ఉంది. నీల్‌గాయ్ లాంటి భారీ జంతువుకు, కనుచూపు మేర ఖాళీగా ఉన్న మైదానానికి అలాంటి రైఫిల్ తగును. 2016 జూన్‌లో బీహార్ మొకామాలో, కేంద్రం అనుమతితో, హైదరాబాదు నుంచి వెళ్ళిన షూటర్లు రెండు వందలకు పైగా నీల్‌గాయ్‌లను కాల్చారు. అది విశాలమైన బయలు నేల. మన దగ్గర చేను పక్కన చేను, బావి దగ్గర మోటారు, గట్టు మీద కాపలా మనిషి. రైఫిల్ తూటా మూడు నాలుగు కిలోమీటర్లు పోగలదు. రాత్రిపూట, చదును నేల మీద, వెనక ఏముందో కనపడని చోట దాన్ని పేల్చడం ఊరిమీద పేల్చడమే. ఇక .303 సైన్యం వాడిన బోరు. మామూలు లైసెన్సుకు రాదు.

మన చేలకు తగినది 12 బోరు. అందులోనూ పిట్టలకు వాడే సన్నరవ్వల తోటాలు పందికి పనికిరావు, గాయపరుస్తాయి అంతే. ఎల్‌జీ అనే లావు గుండ్ల తోటా గానీ, ఒంటి గుండు తోటా గానీ కావాలి. ఎల్‌జీ అయితే 30 మీటర్ల లోపు, ఒంటి గుండు అయితే 50 మీటర్ల లోపు. అంతకు మించి దూరం ఉంటే కాల్చకూడదు. గురి ముందుకాలు వెనక, ఛాతీకి కిందిభాగాన. గుండె, ఊపిరితిత్తులు అక్కడే. మన తాతలు వేసుకున్న మంచె ఇక్కడ చాలా పనికొస్తుంది. పైనుంచి కిందికి కాలిస్తే తప్పిన గుండు నేలలో దిగుతుంది. నేల మీద నిలబడి కాలిస్తే అది గట్టు దాటిపోతుంది.

లైసెన్సు విషయంలో కూడా మన హక్కు తెలుసుకోవాలి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణను ప్రత్యేకంగా పేర్కొంది. నిజమైన పంట రక్షణకు మందు కూరే తుపాకి లైసెన్సు ఇవ్వాలంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్న గొట్టం తుపాకికి ఇవ్వవచ్చనీ ఉంది. కూరుడు తుపాకి ఒక్కసారి పేలితే మళ్ళీ నింపడానికి సమయం పడుతుంది. గాయపడ్డ పంది ఎదురుతిరిగితే అంత వ్యవధి ఉండదు. కాబట్టి దరఖాస్తులో ఆ కారణం రాసి 12 బోరు అడగాలి. ఒక్కమాట మరవొద్దు. తుపాకి లైసెన్సు వేరు, పందిని కాల్చే అనుమతి వేరు. రెండు కాగితాలూ ఉండాలి. చచ్చిన పంది ప్రభుత్వ ఆస్తి. అటవీ సిబ్బందికి చెప్పి పంచనామా చేయించాలి. మాంసం పంచుకుంటే కేసు మన మీదికే వస్తుంది.

అందరూ తుపాకి కొనమని మేము చెప్పడం లేదు. అనుమతి పొందిన షూటర్‌ను పిలిపించుకోవడమే మేలు. ఆయన వచ్చినప్పుడు ఏ బోరు తెచ్చారు, ఏ తోటా, ఎక్కడ నుంచి కాలుస్తారు అని అడగండి. ఆ రాత్రి చుట్టుపక్కల చేలవాళ్ళందరికీ ముందే కబురు పెట్టండి. నాటు తుపాకి, నాటు బాంబు, కరెంటు తీగ జోలికి పోవద్దు. నాటు బాంబు కొరికి నోరు పోగొట్టుకున్న ఆవుల్ని చూశాం. పందికి పెట్టిన తీగకు తగిలి నీళ్ళు కట్టడానికి పోయిన రైతులే చనిపోయారు. తీగ పెట్టినవాడు జైల్లో, తగిలినవాడు శ్మశానంలో. రెండిళ్ళూ మన ఇళ్ళే.

ఈ భారమంతా రైతు భుజం మీద పెట్టి ప్రభుత్వం తప్పుకుంటే ఒప్పుకోం. దరఖాస్తు ఇచ్చిన వారంలోగా అనుమతిపై నిర్ణయం చెప్పాలి. ప్రతి మండలానికి తగిన తుపాకి ఉన్న షూటర్లను కేటాయించి, వాళ్ళ ఖర్చు, తోటాల ఖర్చు అటవీ శాఖే భరించాలి. సోలార్ కంచెకు సబ్సిడీ ఇవ్వాలి. పంట నష్టానికి పెట్టుబడి కాదు, దిగుబడి లెక్కన పరిహారం కట్టాలి.

అందుకు మనవైపు నుంచి లెక్క ఉండాలి. ఏ సర్వే నంబరులో, ఏ తేదీన, ఎన్ని సెంట్ల పంట పోయిందో ఫొటోతో సహా రాసి గ్రామ కమిటీకి ఇవ్వండి. ఆ కాగితాలన్నీ కలిపి వచ్చే నెల మనమంతా రేంజి ఆఫీసుకు పోదాం.

సెలవు.